రెండు వేళ్ళ సందు

జువ్వలదిన్నె పోలేరమ్మతో కలిసి ఒకసారి నడిచిన మనిషి రెండోసారి ఆమెతో బయల్దేరిన దాఖలా లేదు. తలమీద ఎండుచేపల గంప పెట్టుకుని, పైట బిగించి, గంపకి చెయ్యైనా ఆన్చకుండా ఆమె అడుగు వేసిందంటే వెనకవాళ్ళు పరుగెత్తాల్సిందే. "కాస్త మెల్లిగా పో అక్కా, నీ వెనక పోలీసోళ్ళేమన్నా పడినారా" అని తోటి ఆడవాళ్ళు దెప్పేవాళ్ళు. ఆమె వెనక్కి తిరిగి కూడా చూసేది కాదు. వారంలో నాలుగు రోజులు బోగోలు, కావలి, జలదంకి, నెలకోసారి కలిగిరి సంత. పదహారేళ్ళుగా ఆ కాళ్ళకి అదే పని.

ఆమెకో పట్టుదల కూడా ఉండేది. గంపలో నాలుగు నెత్తళ్ళు మిగిలినా సరే, వాటిని మళ్ళీ ఇంటికి మోసుకొచ్చేది కాదు. "తీసకపోయింది తీసకపోయినట్టు తిరిగి తెస్తే నా కాళ్ళకి మర్యాదేముంది" అనేది. ఆఖరి ఊళ్ళో, ఆఖరి ఇంట్లో, ఏ ముసలమ్మ ఒళ్ళోనో వాటిని పోసేసి, ఖాళీ గంప ఊపుకుంటూ వచ్చేది. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, ముందు ముందు దీనితో పని పడుతుంది.

ఇక ఆమె మొగుడు చిన్నపోలయ్య. దుంగలు కట్టిన తెప్పమీద మోకాళ్ళు ముడిచి కూర్చుని తెడ్డు వేయడంలో ఆ రేవులో అతన్ని మించినవాడు లేడు. నేలమీదికొస్తే మాత్రం పసిపిల్లాడితో సమానం. రేవు నుంచి ఇంటికి, ఇంటి నుంచి రేవుకి, అదే అతని ప్రయాణం. అంతకు మించి నాలుగడుగులు వేయమంటే కాళ్ళు పీకుతున్నాయని మూలిగేవాడు. "నువ్వు నేలమీద పుట్టినావు, నేను నీళ్ళమీద పుట్టినాను" అనేవాడు పెళ్ళాంతో. ఇద్దరూ పుట్టింది ఒకే వీధిలో, ఎదురెదురు ఇళ్ళల్లో.

అలాంటి మనిషి కొండ నడుస్తానని మొక్కుకున్నాడంటే ఎవరైనా నవ్వుతారు. కానీ ఆ మొక్కు నవ్వుతాలుకి మొక్కింది కాదు. పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో చిన్నపోలయ్యా, అతని జతగాడు ముత్యాలయ్యా వేటకి పోయి గాలివానలో చిక్కుకున్నారు. రెండు రాత్రులు తెప్ప ఎటు కొట్టుకుపోయిందో తెలియదు. మూడో రోజు తెల్లవారి వాన వెలిసి చూస్తే చుట్టూ నీళ్ళే. అప్పుడు పడమటి దిక్కున, నీళ్ళ అంచుమీద, నీలంగా కొండ కనిపించింది. రెండు మూపులు, వాటి మధ్య సందు. దక్షిణపు మూపు కత్తితో కోసినట్టు నిటారుగా ఉంటుంది, ఉత్తరపుది బోర్లించిన కుండలాగా గుండ్రంగా ఉంటుంది. ఆ రేవు వాళ్ళందరికీ అది తెలిసిన గుర్తే. చెయ్యి బారుగా చాచి రెండు వేళ్ళు కలిపి ఎదురుగా పెడితే ఆ సందు సరిగ్గా ఆ రెండు వేళ్ళ వెడల్పు ఉండాలి. అలా ఉంటే నువ్వు జువ్వలదిన్నె రేవుకి ఎదురుగా ఉన్నట్టు. సందు వేళ్ళ వెనక పూర్తిగా దాగకపోతే పక్కకి జరగాలి. చిన్నపోలయ్య చెయ్యి చాచి కొలిచాడు. తెప్ప మూతిని సందుకి ఎదురుగా పెట్టి, "నన్ను ఇల్లు చేర్చు. నీ దగ్గరికి నడిచొచ్చి, ఆ సందులో నా సముద్రం నీళ్ళు ఒక చెంబుడు పోస్తా" అన్నాడు. పొద్దుగూకేలోగా ఇల్లు చేరాడు.

ఆ తరవాత అయిదేళ్ళు గడిచినా మొక్కు తీరలేదు. ఒక ఏడు వలలు చినిగాయని, ఒక ఏడు కూతురి కానుపని, ఒక ఏడు కాళ్ళ నొప్పులని సాకులు చెబుతూ వచ్చాడు. ఇంతలో కళ్ళకి పొర కమ్మడం మొదలైంది. నెల్లూరు పెద్దాసుపత్రిలో చూపిస్తే పొర ముదిరాక కోస్తామన్నారు. ముదిరే లోపల ఏమీ కనపడకుండా పోతుందని చిన్నపోలయ్యకి భయం పట్టుకుంది. ఒకనాడు వేట నుంచి వచ్చి అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు.

"ఏమైందయ్యా" అంది పోలేరమ్మ.

"ఈ పొద్దు కొండ కనపళ్ళేదు మే. ముత్యాలయ్యకి కనపడినాది, నాకు మబ్బు మాదిరి ఉండాది. వచ్చే ఏటికి ఇదీ ఉండదు. మొక్కు తీర్చకండానే గుడ్డోణ్ణైపోతే ఆ కొండకి నేనేం చెప్పుకోవాల?"

ముప్పై ఏళ్ళ కాపురంలో అతను అలా మాట్లాడటం ఆమె వినలేదు. "ఈ మాఘమాసంలోనే పోదాం. నేను నడిపిస్తా, నువ్వు నడువు" అనేసింది.

అన్నదే గాని, దారి ఎవరికి తెలుసు? అతనికి కొండ తెలుసు, దారి తెలియదు. ఆమెకి కలిగిరి దాకా దారి తెలుసు, కొండ తెలియదు. ఆడవాళ్ళు తెప్ప ఎక్కరు కాబట్టి ఆ సందుని ఆమె ఏనాడూ చూసింది లేదు. ఒడ్డున నిలబడి పడమటికి చూస్తే తాటిచెట్లే అడ్డం. మరుసటి నెల కలిగిరి సంతలో, తన దగ్గర ఎండుచేపలు కొనే పెంచలమ్మని పట్టుకుంది. పెంచలమ్మ మొగుడు ఓబులేసు కొండకింద పల్లెలో మేకలు కాసేవాడు, వెలిగొండల్లో అతనికి తెలియని డొంక లేదు. సంతకొచ్చి ఉన్న అతనికి, వేట మానుకుని ఏడు రోజులే కొండలో తిరగగలమని చెప్పింది.

"ఈ వరస ఈ కొన నుంచి ఆ కొనకి నెల నడిచినా తెగదక్కా" అన్నాడు ఓబులేసు. "ఏడు రోజులంటే దాంట్లో ఒక ముక్క. నీకు ఏ ముక్క కావాల?"

"మా ఆయన కొండ ఉండే ముక్క."

"దాని పేరేంది?"

"పేరు తెలీదు. రెండు మూపులు, నడాన సందు. ఒక మూపు గోడ మాదిరి, ఒకటి కుండ మాదిరి. మా రేవుకి నేరుగా పడమరంట."

ఓబులేసు గడ్డం గోక్కున్నాడు. "మూపులున్న కొండలు సానా ఉండాయి. మీ రేవు యాడుందో నాకు తెలీదు, నేను సముద్రమే చూళ్ళేదు. కలిగిరికి నేరుగా పడమరైతే పిట్టలదొరువు కాడ ఎక్కి చింతలబయలు కాడ దిగే ముక్క. దాంట్లో ఉంటే ఉంటాది."

నీళ్ళు దొరికే చోట్లు ఏడూ పోలేరమ్మ అక్కడే బట్టీ పట్టింది. ఏ పూటకి ఏ ఊట దగ్గరికి చేరాలో, ఏది ఎండిపోయి ఉంటుందో, ఎక్కడ పడుకుంటే ఎలుగుబంటి రాదో అన్నీ అడిగి తెలుసుకుంది. ఇంటికొచ్చి వసారాలో ఏడు గవ్వలు వరసగా పేర్చి మొగుడికి అప్పజెప్పింది. "ఇది పిట్టలదొరువు. ఇది కుక్కలగుండం, ఈడ నీళ్ళు బురదగా ఉంటాయంట, గుడ్డలో వడగట్టాల. ఇదిగో, ఈ ఏడోది చింతలబయలు. ఈడ్నించి దిగేస్తాం."

చిన్నపోలయ్య కూడా ఊరికే కూర్చోలేదు, తన ఏర్పాట్లు తను చేశాడు. ఆమె సంత నుంచి వచ్చేసరికి ఏడు కుండలు కడిగి బోర్లించి ఉన్నాయి. రోజుకో కుండ మంచినీళ్ళట. పక్కన తెరచాప గుడ్డ, నలభై బారల తాడు, గాలాలు, ఒక తెడ్డు.

"గాలాలెందుకయ్యా కొండమీద?"

"ఉండనీ మే. ఎప్పుడే అవసరం పడతాదో."

"కుండలు ఎవురు మోస్తారు?"

వేటకి పోయేటప్పుడు కుండని తెప్ప మోస్తుంది కదా, ఆ ఆలోచనలో ఉన్నాడు పాపం. పోలేరమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. కుండలు అటక ఎక్కాయి. గాలాలు గూట్లోకి పోయాయి. తెడ్డు మాత్రం అతను వదల్లేదు, చేతికర్ర కింద పనికొస్తుందని సగానికి కోయించుకున్నాడు. తెరచాప గుడ్డ కప్పుకోను ఉంచారు. ఇద్దరికీ, ఓబులేసుకీ కలిపి బియ్యం, చింతపండు, మిరపకాయలు, రెండు మూటల నెత్తళ్ళు కట్టుకున్నారు. ఓబులేసు డబ్బు వద్దన్నాడు, అందులో ఒక మూట అతనికే.

తరవాత తరిఫీదు మొదలైంది. నెల రోజుల పాటు వేట లేని రోజులన్నీ ఆమె వెనకాలే గంప మోసుకుంటూ నడవాలని హుకుం. మొదటి రోజు బోగోలు చేరేసరికి చిన్నపోలయ్య అరికాళ్ళు బొబ్బలెక్కాయి. ఒక అరుగు మీద కూలబడి, "మే, సముద్రంలో రెండు రాత్రులు కొట్టుకపోయినా ఇంత కష్టం పడలేదే" అన్నాడు. టైరు చెప్పులు కొనిచ్చింది. రెండో వారానికి కావలి దాకా వచ్చాడు. ఊరంతా నవ్వింది. "మొగుడూ పెళ్ళాం కట్టగట్టుకుని ఎండుచేపలు అమ్మతా ఉండారే" అంటూ ముత్యాలయ్య రేవులో అందరికీ చెప్పుకుని తిరిగాడు. అంటే అన్నాడు గాని, వాళ్ళు బయల్దేరే రోజు తెల్లారే అలల్లోకి నడిచివెళ్ళి, ఇత్తడి మరచెంబు నిండా నీళ్ళు ముంచి, మూత బిగించి తెచ్చి వదిన చేతిలో పెట్టింది అతనే. "నా పానం గూడా దీంట్లో ఉండాది వదినా. జాగర్త" అన్నాడు.

బస్సులో కలిగిరి, అక్కడి నుంచి ఇంకో బస్సులో కొండకింద పల్లె. మర్నాడు ఓబులేసు ముందు, పోలేరమ్మ మధ్య, తెడ్డు టకటకలాడిస్తూ చిన్నపోలయ్య వెనక. అనుకున్నట్టే మొదటి గవ్వ మొదటి రోజు, రెండో గవ్వ రెండో రోజు. ఆమె లెక్క ఒక్క పూట కూడా తప్పలేదు. కుక్కలగుండం నీళ్ళు నిజంగానే బురద. చిన్నపోలయ్య కాళ్ళు నిజంగానే నడిచాయి. అతను దారంతా కొండని పలకరిస్తూనే నడిచాడు, రాళ్ళు తడిమి చూశాడు, ఉసిరికాయలు ఏరుకుని తిన్నాడు, కోతుల్ని చూసి చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఇన్నేళ్ళూ ఈ మనిషిని ఇంట్లో మూలుగుతూ ఉండగానే చూశాను గదా అనుకుంది పోలేరమ్మ. ఆమెకి అతను ముద్దొచ్చాడు.

చిక్కల్లా సందు దగ్గరే వచ్చింది. కాస్త బయలు కనిపిస్తే చాలు, చిన్నపోలయ్య ఆగి చెయ్యి బారుగా చాచి రెండు వేళ్ళు పెట్టేవాడు. "మే, వేళ్ళ ఎనక ఏముందో చూసి చెప్పు" అనేవాడు. ఆమె అతని భుజం పక్కన తల పెట్టి చూసేది. ఒకచోట వేళ్ళ వెనక చెట్టు. ఒకచోట బండ. ఒకచోట అసలు ఆకాశం తప్ప ఏమీ లేదు. ఓబులేసు మూడు సందులు చూపించాడు. ఒకటి గుప్పెడుంది, ఒకటి చిటికెన వేలంత కూడా లేదు, మూడోదానికి రెండు మూపులూ ఒకే పోలిక.

"ఇది కాదు" అన్నాడు చిన్నపోలయ్య మూడుసార్లూ.

"ఏ కొండకైనా పోసెయ్యరాదా అన్నా, అన్నీ కొండలే గదా" అన్నాడు ఓబులేసు.

"నిన్ను కాపాడిన మనిషికి పెట్టాల్సింది పక్కింటోడికి పెట్టి వస్తావా" అని కసిరాడు చిన్నపోలయ్య. ఆరో రోజుకి అతని నవ్వు పోయింది.

ఏడో రోజు పొద్దున ఒక నిటారు బండగోడ కిందుగా నడిచి చింతలబయల్లో అడుగు పెట్టారు. పేరుకి తగ్గట్టు బయలే, కనుచూపు మేర బోదగడ్డి, అక్కడక్కడా చింతచెట్లు. ఎంత నడిచినా తరగదు. ఎండెక్కే వేళకి నడిమధ్యలో ఊట దగ్గరికి చేరారు. అదే ఏడో గవ్వ. పోలేరమ్మ పొయ్యి రాజేసింది. తూర్పున చాలా దూరంలో ఏదో సన్నగా తళతళమంటూ ఉంటే చూపించింది.

"చెరువేమో అక్కా" అన్నాడు ఓబులేసు.

చిన్నపోలయ్య వేళ్ళు చాచి చుట్టూ తిరిగాడు. ఒకసారి కాదు, మూడుసార్లు తిరిగాడు. వేళ్ళ వెనక గడ్డి తప్ప ఏమీ లేదు. "ఇంకెంత ముక్కుండాది?"

"అయిపోయిందన్నా. ఎదర ఆ గుండ్రటి కొండ కాడికి పోతే దిగుడు దోవ. ఇదే ఆఖరు."

చిన్నపోలయ్య తెడ్డు పక్కన పడేసి కూర్చున్నాడు. పొర కమ్మిన కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. "చెంబు ఇంటికి తీసకపోదాం మే. నా కొండ నాకు దొరకలేదు. కళ్ళుంటే వచ్చే ఏడు ఇంకో ముక్క చూద్దాం."

వచ్చే ఏటికి కళ్ళుండవని ఇద్దరికీ తెలుసు. పోలేరమ్మ అన్నం వార్చింది, ముగ్గురికీ పెట్టింది. మూటలు కట్టింది. ఆఖరికి మరచెంబు చేతిలోకి తీసుకుంది. మోసుకొచ్చినదాన్ని తిరిగి మోసుకుపోవడమా? ఏడు రోజులు నడిచి, ఏడు ఊటలు దాటి, ఆఖరి ఊరు ఆఖరి ఇల్లు లాంటి ఈ చోటు నుంచి? ఆమె మూత తిప్పింది.

"నువ్వు ఏ కొండవో నాకు తెలీదు" అంది చింతచెట్టు మొదట్లో నిలబడి. "నా మొగుణ్ణి నాకు పంపించినారు, మీలో ఎవురో. ఇంద." చెంబు బోర్లించింది. అతను లేచి వచ్చేసరికి ఉప్పునీళ్ళు మట్టిలో ఇంకిపోయాయి.

మనలో మాట, చిన్నపోలయ్య ఏనాడూ పెళ్ళాన్ని పల్లెత్తు మాట అన్నవాడు కాదు. ఆ రోజు మాత్రం, "ఎవుడి కొండకో పోసినావు కదే నా పానాన్ని" అన్నాడు. అంతే, ఇక నోరు విప్పలేదు. బయలు దాటి గుండ్రటి కొండ పక్కగా దిగడానికి మధ్యాహ్నమైంది. దిగుతున్నంతసేపూ, బస్సులోనూ, ఇంట్లోనూ అదే మౌనం. పోలేరమ్మ మొదట గింజుకుంది. తరవాత నెత్తళ్ళ పులుసు పెట్టి బతిమాలింది. ఆ తరవాత గూట్లో ఖాళీ చెంబు కనపడినప్పుడల్లా ఏడుపొచ్చేది. గంపలో మిగిలిన చేపలూ, ఆ నీళ్ళూ ఒకటి కావని ఆమెకి అప్పుడు తెలిసింది.

నాలుగో రోజు అకాలంగా చిన్న వాన కురిసి వెలిసింది. గాలి కడిగినట్టుంది. తెల్లవారుతూనే చిన్నపోలయ్య నోరు తెరిచాడు. "రా. తెప్ప ఎక్కు. అసలు కొండేదో నీ కళ్ళకి చూపిస్తా. ఏం చేసినావో అప్పుడు తెలస్తాది."

"ఆడమనిషి తెప్పెక్కితే వల ఎండిపోతాదన్నా" అన్నాడు ముత్యాలయ్య.

"వల ఇంటికాడ పెట్టిరా."

ముత్యాలయ్య వల ఇంట్లో పడేసి వచ్చాడు. పోలేరమ్మ చీర దోపుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, దుంగలు పట్టుకుని కూర్చుంది. అలలు నెత్తిమీదుగా పోయాయి. నేలమీద ఎవరినీ లెక్కచేయని మనిషి, "అయ్యా, మెల్లిగా" అని పదిసార్లు అంది. ముత్యాలయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. అలలు దాటి నీళ్ళు నెమ్మదించాయి. వెనక తాటిచెట్లు పొట్టివైపోయి, గడ్డిపోచల్లాగా సన్నబడిపోయాయి.

"ఇప్పుడు తిరిగి చూడు" అన్నాడు చిన్నపోలయ్య.

ఆమె తిరిగింది. తాటితలల పైన, నీలంగా, బారెడు పొడుగున కొండ వరస. పొద్దుటి ఎండ పడి ఎడమ చేతి మూపు ఎర్రగా, నిటారుగా నిలబడి ఉంది. కుడి చేతిది గుండ్రంగా ఉంది. నడుమ సందు.

"కనపడతా ఉండాదా? చెయ్యి చాచు. రెండు వేళ్ళు పెట్టు."

ఆమె చెయ్యి చాచి రెండు వేళ్ళు పెట్టింది. సందు వేళ్ళ వెనక సరిగ్గా దాగింది. ఎడమ పక్కన ఆ గోడ. ఆ ఏడో రోజు పొద్దున దాని కిందుగా కదా నడిచింది. కుడి పక్కన ఆ గుండ్రటి కొండ. మధ్యాహ్నం దాని పక్కగా కదా దిగింది. అలల భయం ఎటు పోయిందో పోయింది.

"ఏమయ్యా, ఈ రెండు వేళ్ళ సందు నడిచేదానికి మనకెంతసేపు పట్టినాదో తెలుసా?"

"ఏందే నువ్వనేది?"

"పొద్దున్నించి మద్దేనం దాకా పట్టినాది. సందులోనే నిలబడి సందేదని ఎతుకులాడినాం మనం. ఆ గోడ ఈ గోడే, ఆ కుండ ఈ కుండే. ఆ పొద్దు తళతళమన్నది చెరువు కాదు, మనమిప్పుడు కూర్చున్న నీళ్ళు."

చిన్నపోలయ్య తెడ్డు ఒళ్ళో పెట్టేసుకున్నాడు. పడమటికి తల ఎత్తి, తనకి మబ్బులాగా మాత్రమే కనిపిస్తున్న దానివైపు చాలాసేపు చూశాడు.

"నీళ్ళు యాడ పోసినావు మే?"

"చింతచెట్టు కింద."

"అదిగాదు. సందులో యాడ?"

పోలేరమ్మ అతని కుడిచేయి పట్టుకుని బారుగా చాపింది. రెండు వేళ్ళు కొండకి ఎదురుగా నిలబెట్టింది. ఆ వేళ్ళు రెండూ కలుసుకున్న చోట తన వేలు ఆనించి, "ఈడ" అంది.